నెత్తురు వెంట వచ్చిన మనిషి

మొన్నామధ్య మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక మందుల కంపెనీ వాళ్లు ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. బల్లల మీద నీలం గుడ్డలు, గోడలకు బెలూన్లు. బెలూన్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉచితం అన్నచోట అలంకారం కూడా కనిపిస్తే నాకు అనుమానం రెట్టింపవుతుంది. అరచేతిలో పట్టే మిషన్‌లో పట్టీ పెట్టి, వేలి చివర పొడిచి, అప్పటికప్పుడే యూరిక్ యాసిడ్ ఎంతుందో చెప్పేస్తారట. మా వాచ్‌మన్ దగ్గర్నుంచి పై అంతస్తు ప్రొఫెసరు గారి దాకా అందరూ వరసలో నిలబడ్డారు. నా వంతు వచ్చింది. కూర్చున్నాను, వేలు చాపాను, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

"ఈ నెత్తురు ఎటు పోతది?" అని అడిగాను.

సూది పట్టుకున్న అమ్మాయి నవ్వింది. "ఎటూ పోదు ఆంటీ. పట్టీ పారేస్తాం."

"మరి ఫోన్ నంబరెందుకు రాసుకుంటాన్రు?"

"రిపోర్టు పంపడానికి."

రిపోర్టు నా కళ్ల ముందే వస్తుంటే మళ్లీ పంపడమెందుకో చెప్పమన్నాను. ఆ అమ్మాయి పక్కనున్న కుర్రాడి వైపు చూసింది. ఆ కుర్రాడు బెలూన్ల వైపు చూశాడు. నేను లేచి వచ్చేశాను.

లిఫ్టులో ఉండగా తట్టింది, నేనడిగిన ప్రశ్నలు నావి కావని. ఏళ్ల తరబడి ఊళ్లో వాళ్ల నెత్తురు తీసి బతికినదాన్ని, పొడిపించుకునే వాళ్లు అడిగే ప్రశ్నలు నాకెలా వస్తాయి? అవి వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దమనిషివి. పేరు రాయను. రాస్తే "ఎవ్వలనడిగి రాసినవు బిడ్డా" అంటాడు.

అప్పట్లో నేను ఒక సర్వేలో లాబ్ టెక్నీషియన్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం. యూరిక్ యాసిడ్ రక్తంలో ఎక్కువైతే కొందరికి కీళ్లలో పేరుకుంటుంది. ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో. ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం లాగేస్తుంది. సరే, ఎంతుంటే ఎక్కువ? పరీక్ష మిషన్‌తో పాటు వచ్చే కాగితంలో ఒక గీత ఉంటుంది, ఇంతవరకు మామూలు, ఇది దాటితే ఎక్కువ అని. ఆ గీత ఎక్కడో, ఎవరి రక్తమో చూసి గీసింది. మన వరంగల్లు మనుషులకు అది సరిపోతుందో లేదో తేల్చాలని సర్వే నడిపే మా సర్‌కు పట్టుదల. అందుకోసం మూడు రకాల జనాన్ని ఎంచుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో రైతులు, కూలీలు. బజారులో దుకాణాల వాళ్లు. కొత్తవాడలో నేతవాళ్లు.

ఎక్కడికెళ్లినా మమ్మల్ని అనుమానించారు, కాకపోతే ఎవరి పద్ధతిలో వాళ్లు. ఊళ్లలో, ఈ సూది పొడిపించుకుంటే రేషన్ కార్డు తీసేస్తారా అని అడిగారు. దుకాణాల వాళ్లు నవ్వుతూ చేయి చాపి, "ఇప్పుడు ఫ్రీ అంటాన్రు, రేపు ఏం అమ్ముతరు మేడం?" అన్నారు. కొత్తవాడలో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అందరి తరఫునా ఆయనే అడిగాడు.

మా శిబిరం కుల సంఘం హాల్లో. మొదటి రోజు పొద్దున్నే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. బనీను మీద నూలు దుమ్ము. ఎడమ కన్ను సగం మూసి చూస్తాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. దాన్ని తలకిందులు చేసి, నాలుగు కాళ్లూ చూసి, మళ్లీ నిలబెట్టి అప్పుడు కూర్చున్నాడు. టీ ఇస్తే, "నువ్వు తాగు బిడ్డా ముందు" అన్నాడు. మర్యాద అనుకుని తాగాను. నేను గుటక వేసేదాకా చూసి అప్పుడు తాను తాగాడు. మర్యాద కాదని అప్పుడు తెలిసింది.

ఆయనకు ఇంకో అలవాటుంది. ఎదుటి మనిషి బట్టల్లో ఎక్కడైనా పోగు ఊడి వేలాడుతుంటే ఊరుకోలేడు. మాట్లాడుతూ మాట్లాడుతూ చేయి చాపి పుటుక్కున తెంపేస్తాడు. నా తెల్లకోటు మీద పోగులన్నీ ఆయన చేతిలోనే పోయాయి.

"కాకా, ఇది మన మంచికే" అన్నాను.

"మంచిదే. ఎవ్వలికి?"

ఇది ఆయన మాట. ఎవరేం చెప్పినా, రోడ్డు వేస్తామన్నా, బీమా కట్టమన్నా, పిల్లకు సంబంధం చూశామన్నా, ముందు 'మంచిదే' అనేవాడు. చెప్పేవాడి మొహం వెలిగేది. అప్పుడు కన్ను సగం మూసి 'ఎవ్వలికి' అనేవాడు.

"మీకే కాకా. ఇప్పుడు తెలిస్తె రేపు కీళ్లు పాడు కాకుంట చూసుకోవచ్చు."

"గంత మంచోళ్లు ఇన్నొద్దులు ఏడున్నరు?"

చివరికి చేయి చాపాడు. ఎడమ చేయి. తీసిన తర్వాత ట్యూబును చేతికి ఇమ్మన్నాడు. వెలుతురులో పట్టి చూశాడు, మూత దగ్గర వాసన చూశాడు.

"ఈ నెత్తురు ఎటు పోతది?"

"హనుమకొండకు. మా లాబుకు."

"ఎవ్వలు తీస్కపోతరు?"

"నేనే. ఆటోల."

"నేనొస్త."

నేను వేళాకోళం అనుకున్నాను. మధ్యాహ్నం ఆటో వచ్చేసరికి చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలతో సిద్ధంగా ఉన్నాడు. ఐస్ పెట్టె ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను ముట్టనివ్వలేదు. పోచమ్మ మైదాన్ దాటేదాకా రెండు చేతులూ మూత మీదే. గుంత వచ్చినప్పుడల్లా పెట్టెను గాలిలోకి లేపి పట్టుకున్నాడు. ఆ పెట్టెలో ఆయనదే కాదు, వాడలో సగం మంది నెత్తురుంది. అందరి తరఫునా కాపలా అన్నమాట.

లాబులో ట్యూబుల్ని తిప్పే మిషన్ ఆగాక చూపించాను. ఎర్రటిది అడుక్కి దిగి, లేత పసుపు నీరు పైకి తేలుతుంది.

"ఇందుల నాదేది?"

"రెండూ మీవే కాకా."

"మిషన్‌కు ఏదిస్తవు?"

"పైది."

"కిందిది?"

"పారేస్తం."

"పారేసెటోళ్లు గంత ఎందుకు గుంజిన్రు?"

నాకు చిర్రెత్తింది. అయినా ఆయన యూరిక్ యాసిడ్ నంబరు వచ్చేదాకా ఓర్చుకున్నాను. గీత లోపలే ఉంది, హాయిగా. చెప్పాను. సంతోషించలేదు. గీత ఎవరు గీశారని అడిగాడు. మా సర్ మాకు చెప్పిందంతా చెప్పాను. విని, "అంటె మమ్ముల చూసి గీత గీస్తరా, గీత వెట్టుకొని మమ్ముల చూస్తరా?" అన్నాడు.

"రెండూ" అన్నాను విసుగ్గా.

"రెండు సుతనా" అని తలూపాడు. మిగిలిన నెత్తురు ఇచ్చేయమన్నాడు. కుదరదన్నాను. అయితే పారేసేదాకా ఉంటానని కూర్చుని, ట్యూబు పసుపు సంచిలోకి వెళ్లడం కళ్లారా చూసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నా కాళ్ల వైపు చూశాడు.

"ఏంది బిడ్డా, ఎడమ కాలు ఎత్తి ఏస్తానవు?"

"చెప్పు కరుస్తాంది కాకా."

"కరుస్తదా" అన్నాడు, నా వదులు చెప్పుల్ని చూస్తూ.

ఆ రోజు నుంచి ఆయన మీద నాకూ అనుమానం మొదలైంది. అంత కాపలా కాస్తున్నాడంటే లోపల ఏదో ఉండే ఉంటుంది. మా సర్వేలో ఎంచుకున్న ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్లందరి రక్తం తీయాలి. ఆయన ఇంట్లో ఆయన ఇచ్చాడు, కోడలు ఇచ్చింది. కొడుకు మాత్రం దొరకడు. ఎప్పుడెళ్లినా ఒకటే జవాబు, పెండ్లికి పోయిండు, ఊరికి పోయిండు. చెబుతుండగానే లోపల మగ్గం చప్పుడు.

"మగ్గమాడుతాంది గద కాకా. ఎవ్వలాడిస్తాన్రు?"

"మా కోడలు."

కోడలు అప్పుడే నీళ్ల బిందెతో నా వెనక నుంచి లోపలికొచ్చింది. నేను ఆమెను చూశాను. ఆమె గోడను చూసింది. ఆయన మాత్రం తొణకలేదు. నా భుజం మీద పోగు తెంపాడు. లోపల చప్పుడు ఆగుతూ ఆగుతూ వస్తోంది. ఒక దెబ్బ, కాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక దెబ్బ.

ఇక్కడ సేఠు సంగతి చెప్పాలి. ఆ వాడలో చాలా ఇళ్లకు నూలు ఇచ్చి జంపఖానాలు నేయించుకునేది ఆయనే. హాలు ఇప్పించింది ఆయన. మాకు సాయంగా ఉండమని తన మేనల్లుణ్ని పంపిందీ ఆయనే. ఆ మేనల్లుడికి గొంతు బాగుంది. రిపోర్టులు వచ్చిన రోజు మైకు లేకుండానే ఒక్కొక్కరి పేరూ పిలిచి, నంబరు చదివి మరీ ఇచ్చేవాడు. తక్కువ వచ్చిన వాళ్లకు చప్పట్లు. ఎక్కువ వచ్చిన వాళ్లను, కల్లు తగ్గించు మామా అని ఆట పట్టించడం. అట్లా చదవొద్దని నేను చెప్పాను, మా సర్ చెప్పాడు. ఆ రోజుకు ఆగేవాడు, మరుసటి వారం మళ్లీ మొదలుపెట్టేవాడు. నవ్వుల మధ్య ఆ పెద్దమనిషి ఒక్కడే నవ్వకుండా, గోడకు ఆనుకుని, ఎవరి నంబరు చదివినప్పుడు సేఠు మేనల్లుడు ఎవరి వైపు చూస్తున్నాడో గమనిస్తూ నిలబడేవాడు.

తర్వాత ఒకరోజు శిబిరానికి నేను వెళ్లలేదు. కొత్తగా చేరిన అమ్మాయి వెళ్లింది. నేను లాబులో ఉన్నాను. మధ్యాహ్నం ఆటో ఆగింది. చూస్తే కొత్త అమ్మాయిని హాల్లోనే ఉంచి, ఐస్ పెట్టెతో ఆయనొక్కడే దిగాడు. మండుటెండలో శాలువా కప్పుకున్నాడు.

"మావోనిది తెచ్చిన" అన్నాడు.

"దొరికిండా? ఊరికెల్లి ఎప్పుడొచ్చిండు?"

"ఒచ్చిండు."

పెట్టె బల్ల మీద పెట్టడానికి వంగితే శాలువా జారింది. మోచేతి మడతలో గుండ్రంగా దూది, దాని మీద టేపు. తెల్లగా, కొత్తగా ఉంది.

"ఇదేంది కాకా?"

"పోయినసారిది."

"పోయినసారి నేను ఎడమ చేతికి పొడిచిన. ఇది కుడి చెయ్యి."

ఆయన శాలువా సర్దుకున్నాడు. నేను ట్యూబు తీసి చూశాను. కొడుకు పేరు, ముప్పై చిల్లర వయసు, అన్నీ రాసి ఉన్నాయి. ఎదురుగా నెరిసిన మీసం పెట్టుకుని వయసు అంతేనని చెబితే, ఆ అమ్మాయి తలెత్తకుండా రాసుకుందన్నమాట. తప్పు ఆ అమ్మాయిది ఒక్కదానిదే కూడా కాదు. ఆ వాడలో ఏ వరసలోనైనా ఇంటి పెద్ద నిలబడితే ఇంటిల్లిపాదీ నిలబడ్డట్టే. బియ్యానికైనా అంతే, ఓటు చిట్టీలకైనా అంతే. నెత్తురుకు కూడా అదే పద్ధతి పనికొస్తుందని ఆయన లెక్క.

"కాకా, ఇది మీదే."

"మా ఇంట్ల నెత్తురంత ఒక్కటే బిడ్డా. వానికి నేనియ్యంగనే ఒచ్చింది. నా తానికెల్లి కాకపోతె ఏడికెల్లి ఒచ్చింది?"

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. తలుపు దగ్గరికి వేశాను.

"కొడుకు కాలు వాసిందా?"

ఆయన నా కోటు మీద పోగు కోసం వెతికాడు. దొరకలేదు. చేతులు ఏం చేయాలో తోచక బల్ల అంచు పట్టుకున్నాడు.

"సేఠుకు తెలుస్తదా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాడు. ఒక ఫంక్షన్ హాలు కోసం పెద్ద జంపఖానా పని వాళ్లింటికి వచ్చింది. అంత వెడల్పు పని ఈ మధ్య వాడలో ఎవరికీ రాలేదు. గుంటలో కూర్చుని మగ్గం కింద చెక్కలు కాలితో తొక్కాలి. కొడుక్కి బొటనవేలు వాచి తొక్కలేకపోతున్నాడు. ఆ సంగతి సేఠు చెవిన పడితే నూలు ఇంకొకరి ఇంటికి పోతుంది. "నూలు ఒక్కపారి గడప దాటిందంటె మల్ల రాదు. వాడు ఆ మగ్గం తప్ప ఇంకోటి ఎరుగడు" అన్నాడు. అందుకని కొడుకు మెడికల్ షాపులో నొప్పి గోలీలు తెచ్చుకుని, మగ్గం గుంటలో దాచుకుని, పొద్దునొకటి మాపొకటి మింగుతున్నాడు. గోలీ పనిచేసినంతసేపు చప్పుడు సరిగ్గా వస్తుంది, తర్వాత మళ్లీ ఆగుతుంది.

నాకు భయం వేసింది. నిజంగానే వేసింది. "కాకా, ఈ ట్యూబు మిషన్ల పెడితె మీ కొడుక్కు ఏం లేదని వస్తది. మీ నెత్తురు మంచిగున్నది గద. ఏం లేదన్న కాగితం పట్టుకొని ఆయన గా గోలీలే మింగుతడు. కిడ్నీలు పాడైతయి. అప్పుడు మగ్గం కాదు, మనిషే దక్కడు."

సగం మూసిన కన్ను పూర్తిగా తెరుచుకోవడం అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన కుర్చీని తిరగేయకుండానే కూర్చున్నాడు.

"వాన్ని తోల్కొస్త. ఎవ్వలికి చెప్పవా?"

"చెప్ప. ఒట్టు."

"ఒట్టు వద్దు. ఒట్లు చానా జూసిన" అన్నాడు. "నీ నెత్తురు తియ్."

"నాదా?"

"నీదే. తీసి మిషన్ల వెట్టు. నీ నంబరు నాకు చూపెట్టు. నీది నా తాన ఉంటది, వానిది నీ తాన ఉంటది."

నాకు ఒళ్లు మండింది. నన్నెవరనుకున్నాడు? బయటికి పొమ్మందామనుకున్నాను. నోరు రాలేదు. ఎందుకంటే కొన్ని నెలలుగా నా ఎడమ కాలి బొటనవేలు నన్ను పొద్దున మంచం దిగనివ్వడం లేదు. మిషన్ పక్కనే కూర్చునేదాన్ని, ఒక ట్యూబు నాది పెట్టి చూసుకోవచ్చు. పెట్టలేదు. తెలియనంతవరకు లేనట్టే అని ఒక మొండితనం. వాడవాడలా తిరిగే సర్వేలో కుంటే టెక్నీషియన్‌ను ఎవరు ఉంచుకుంటారు? కాంట్రాక్టు రెన్యువల్ దగ్గర పడుతోంది. ఆయన కొడుక్కి నూలు ఎంతో నాకు ఆ కాగితం అంత.

ఆయన నా మొహం చూస్తూ కూర్చున్నాడు. తొందర పెట్టలేదు.

నా చేతికి రబ్బరు పట్టీ నేను కట్టుకోబోతే, "ఇటు తే" అని తాను కట్టాడు. నేతవాళ్ల ముడి. గట్టిగా పట్టింది, కొస లాగగానే ఊడి వచ్చింది. సూది నేనే పొడుచుకున్నాను. ట్యూబు తిప్పి మిషన్‌లో పెట్టాను. నంబరు వచ్చింది. నేను చూడకముందే ఆయన చూశాడు. అంకెలు చదవగలడు. ఎంతో ఇక్కడ రాయను. మీరెవరో నాకు తెలియదు.

"గీత దాటినవు" అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. పక్కన ఎవరూ లేరు కనుక ఆయన ముందే ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. తువ్వాల అందించాడు.

"మా పోరడు గిట్లనే కాలెత్తి ఏస్తడు. నిన్ను మొదటి దినమే పట్టిన" అన్నాడు. "గా కొత్త పిల్లను అడిగితె ఆమె తాన ఇచ్చెటందుకు ఏమున్నది? నీ తాన ఉన్నది. అందుకే నిన్నడిగిన. నమ్మినని మాత్రం అనుకోకు."

మరునాడు మా లాబు తాళం తీసేసరికి తండ్రీ కొడుకులిద్దరూ మెట్ల మీద ఉన్నారు. మొదటి బస్సుకే వచ్చారు. కొడుకు తండ్రి భుజం పట్టుకుని మెట్లెక్కాడు. అతని నంబరు నా కన్నా చాలా పైన ఉంది. మా డాక్టరుకు చూపించాను. ఆ గోలీలు ఆపించి, వేరే మందులు రాసిచ్చి, నీళ్లు బాగా తాగమని చెప్పి పంపాడు. కాగితం వాళ్ల చేతికి ఇవ్వలేదు, హాలుకూ పంపలేదు. దొంగ ట్యూబు పాడైపోయిందని రాసి పసుపు సంచిలో పడేశాను. పాడెలా అయిందని మా సర్ అడిగాడు. ఐస్ కరిగిందన్నాను. ఆయన నన్ను, ఐస్ పెట్టెను మార్చి మార్చి చూశాడు. మా సర్‌ది కూడా ఎవరినీ నమ్మే రకం కాదు. ఆ ఒక్క విషయంలో ఆయనకూ కొత్తవాడ పెద్దమనిషికీ బాగా కుదిరేది.

జంపఖానా పూర్తయింది. నూలు గడప దాటలేదు. నేను కూడా వేరే డాక్టరు దగ్గరికి గుట్టుగా వెళ్లి మందులు మొదలుపెట్టాను. నా కాంట్రాక్టు ఆ ఏడాదికి నిలిచింది. తర్వాత సర్వేనే నిలవలేదు. మేం తీసిన నెత్తురంతా కలిపి చూసి మా వాళ్లు గీత ఎక్కడ గీశారో, అసలు గీశారో లేదో, మాకెవరూ చెప్పలేదు. ఆయన అడిగితే తెలియదన్నాను. "నాకెర్కే" అన్నాడు. ఆ మాట అనడంలో ఆయనకు ఎంత తృప్తో.

ఆ తర్వాత నేను హనుమకొండలో ఒక ప్రైవేటు లాబులో చేరాను. ఆయన అప్పుడప్పుడు కనిపించేవాడు, బస్టాండులోనో, కూరగాయల దగ్గరో. కనిపించగానే పలకరింపు ఉండదు. ముందు నా కాళ్ల వైపు చూస్తాడు. ఆ తర్వాత, "సామాను మంచిగున్నదా?" అంటాడు.

"భద్రంగున్నది కాకా. మరి నాది?"

"ఏడ వోతది."

అంతే. ఇంకో మాట లేకుండా ఎవరి దారిన వాళ్లం. ఒకసారి ఒక పెళ్లిలో, మా ఆయన పక్కనుండగానే అడిగాడు. పెళ్లివాళ్లు పరిచిన జంపఖానా అంచు చేత్తో తడుముతూ, ఎవరు నేశారో కనుక్కుంటున్న మనిషి, నన్ను చూసి లేచొచ్చి సామాను సంగతి అడిగి వెళ్లిపోయాడు. ఏం సామాను అని మా ఆయన. ఏం లేదని నేను. మా ఆయన ఇప్పటికీ నేను ఆ ముసలాయన దగ్గర ఏదో నగ తాకట్టు పెట్టాననే అనుకుంటాడు. బీరువా తీసినప్పుడల్లా ఒక చూపు చూస్తాడు.

ఇదంతా బెలూన్ల శిబిరం నుంచి పైకెళ్తూ లిఫ్టులో గుర్తొచ్చింది. ఆయన కనిపించి చాలా రోజులైందని కూడా. ఆదివారం ఆటో ఎక్కి కొత్తవాడ వెళ్లాను.

సందు మలుపు తిరగగానే మగ్గం చప్పుడు వినిపించింది. ఆగడం లేదు, ఒకే తీరుగా వస్తోంది. గుమ్మంలో కోడలు నన్ను గుర్తుపట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే అర్థమైంది.

కొడుకు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నడక మాత్రం బాగుంది. కుర్చీ తెచ్చి, తలకిందులు చేసి, కాళ్లు చూసి, నిలబెట్టి కూర్చోమన్నాడు.

"పోయిన నెల పోయిండు మేడం. నిద్రల్నే. అంతకు ముందు రెండొద్దులు ఆయాసం ఒచ్చింది. దవాఖానకు పోదామంటె ఇనలే. నెత్తురు గుంజుతరు, ఎటు తీస్కపోతరో ఎవ్వలు చూడాలె అన్నడు."

కోడలు టీ తెచ్చింది. ఎవరూ ముందు తాగమనలేదు. నేనే అతను గుటక వేసేదాకా ఆగి తాగాను. ఎందుకలా చేశానో తెలియదు.

కాసేపటికి అడిగాను. "మీ నాయిన నా గురించి ఏమన్న చెప్పిండా?"

అతని ఎడమ కన్ను కొంచెం ముడుచుకుంది. "దేని గురించి?"

"నా పరీక్ష గురించి. నంబరు గురించి."

"మీకేం పరీక్ష మేడం? మీరు చేసెటోళ్లు గద."

నేను కోడలి వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "మామ మీ గురించి ఒక్కటే అనెటోడు. ఆమె తాన మనది ఉన్నది, ఎదురువడితె జర మంచిగ మాట్లాడుండ్రి అని."

ఇన్నేళ్లలో కొడుక్కి కూడా చెప్పలేదు. చెప్పినా నేనేం చేయగలిగేదాన్ని కాదు. సేఠు ఆ వ్యాపారం ఎప్పుడో మానేశాడు, నా కాంట్రాక్టూ ఎప్పుడో పోయింది. ఆ నంబర్ల వల్ల ఎవరికీ ఏమీ కాని రోజులు ఎప్పుడో వచ్చాయి. అయినా ఆయన చివరిదాకా మూత మీద చేతులు తీయలేదు. నన్ను నమ్మలేదని ఎన్నిసార్లు అన్నాడో. నేను మాత్రం ఆయనను ఎంత నమ్మానో ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

కొడుకు నన్నే చూస్తున్నాడు. పోయిన మనిషి ఇంటికి వచ్చి, నా గురించి ఏమైనా చెప్పాడా అని అడిగే మనిషిని ఎవరైనా అలాగే చూస్తారు.

"మా నాయిన తాన మీదేమన్న ఉండెనా మేడం?" అన్నాడు. "ఉంటె చెప్పుండ్రి. మేం ఉంచుకోం."

ఉండేది. ఆయనతోనే పోయింది. అతనిది మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, ఆ రోజు మిషన్ చూపించిన అంకె ఇప్పటికీ చెప్పగలను. ఇటు ఉండి అటు లేకపోవడాన్ని ఆ పెద్దమనిషి ఒక్క పూట కూడా ఒప్పుకునేవాడు కాదు.

కుర్చీ ముందుకు జరుపుకున్నాను. అప్పటి నంబరు చెప్పాను. ఈ మధ్య చేయించుకున్నది కూడా చెప్పాను.

అతను నా కాళ్ల వైపు చూశాడు. లేచి వెళ్లి గుమ్మం బయట ఎవరైనా ఉన్నారేమో చూసి, మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నా జాకెట్టు చేతి అంచున వేలాడుతున్న పోగును పుటుక్కున తెంపాడు.

"మంచిదే" అన్నాడు. "ఎవ్వలికి చెప్ప."